వరద నీటితోనే కరువుకు అడ్డుకట్ట: అలీ నవాజ్ జంగ్ జీవితం

పోచంపాడ్: నిజాంసాగర్ కాలువ కింద నాట్లు వేసే రైతుకు, పోచంపాడు కట్ట మీద నడిచే మనిషికి తప్పక తెలియవలసిన పేరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టిన జూలై 11వ తేదీని 2014 నుంచి తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. ముంచివేసే వరదను పట్టి ఉంచగలిగితే ఆ నీళ్లే కరువు నాడు ఆదుకొంటాయన్నది ఆయన చేసిన పనులన్నింటికీ మూలసూత్రం.

కరువులో పుట్టి...

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877లో హైదరాబాదులో పుట్టారు. అది ధాత కరువు కాలం. 1876 నుంచి 1878 వరకు దక్షిణ దేశంలో లక్షలాది జనం తిండి లేక మరణించారు. నిజాం రాజ్యంలోని జిల్లాలనూ ఆ కరువు పీడించింది.

హైదరాబాదులో చదువు ముగించి, 1896లో ప్రభుత్వ వేతనంపై ఇంగ్లండు వెళ్లి, కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగు చదివారు. 1899లో తిరిగి వచ్చి నిజాం ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు.

ఆయన నౌకరీలో చేరిన తొమ్మిదేళ్లకు మూసీ పొంగింది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన ఆ వరదలో హైదరాబాదులో సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. నగరం ఎంతగా నష్టపోయిందో అందరికీ తెలిసినదే. అయితే వరదకు కారణం నగరంలో లేదు, ఎగువన ఉంది. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండగా, వాటిలో 221 చెరువులకు గండ్లు పడ్డాయి. పై చెరువు తెగి కింది చెరువును తెంపింది. అన్నీ కలిసి ఒక్కసారిగా నగరం మీద పడ్డాయి.

ప్రభుత్వం పిలవగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులపై రెండు జలాశయాలు కట్టాలని సూచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. 1918లో శాఖ కార్యదర్శిగా, చీఫ్ ఇంజనీరుగా బాధ్యతలు చేపట్టిన అలీ నవాజ్ జంగ్ ఆ పనులను ముందుకు నడిపించారు. అవి వరదను ఆపే కట్టలే కాదు, దశాబ్దాల తరబడి నగరానికి తాగునీళ్లు కూడా ఇచ్చాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వరదను పట్టాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి. కరువుకు పనికి రావాలంటే జలాశయం నిండి ఉండాలి. ఈ రెంటినీ సరిచూసేది గేట్ల పని. ఎప్పుడు తెరవాలి, ఎంత వదలాలి, ఎప్పుడు మూయాలి అన్న లెక్క తప్పితే ఎంత గట్టి కట్ట అయినా ప్రయోజనం తక్కువే.

మంజీరపై మహా నిర్మాణం

మన ప్రాంతానికి ఆయన చేసిన పెద్ద మేలు నిజాంసాగర్. బాన్సువాడ దగ్గర అచ్చంపేట వద్ద మంజీరపై 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. కట్ట పొడవు దాదాపు 3 కిలోమీటర్లు. నిలువ సామర్థ్యం 29.7 టీఎంసీలు. సుమారు 155 కిలోమీటర్ల ప్రధాన కాలువ ద్వారా 2 లక్షల 75 వేల ఎకరాలకు నీరివ్వాలని ఉద్దేశించారు.

ఆ నీటి వల్ల వానాకాలంలో పారిపోయే మంజీర, యాసంగిలోనూ పొలంలో నిలిచింది. బాన్సువాడ, బోధన్, నిజామాబాద్ ప్రాంతాలు వరికి, చెరకుకు పేరుపడ్డాయి. చెరకు ఏడాది పొడుగునా తడి కోరే పంట. కాలువ లేకుంటే 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసేది కాదు. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది.

ఈ మేలుకు ఖరీదు చెల్లించిన వారూ ఉన్నారు. జలాశయం కోసం సుమారు 40 గ్రామాలను ఖాళీ చేయించారు. ఒక ప్రాంతం కరువు నుంచి బయటపడటానికి మరికొన్ని ఊళ్లు తమ ఇండ్లు, పొలాలు విడిచి వెళ్లాయి. ఆయన జీవితం చెప్పుకొనే చోట వారిని మరవడం న్యాయం కాదు.

గోదావరి వైపు చూపు

1938లో కాంగ్రెసు ఏర్పాటు చేసిన జాతీయ ప్రణాళికా సంఘానికి జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షులు. నదుల క్రమబద్ధీకరణ, నీటిపారుదల విషయాలు పరిశీలించే ఉపసంఘానికి అలీ నవాజ్ జంగ్ అధ్యక్షత వహించారు. ఒక సంస్థానపు ఇంజనీరు దేశమంతటి నదుల గురించి ఆలోచించే స్థానానికి ఎదిగారు. కృష్ణా, తుంగభద్ర, గోదావరి జలాల వినియోగానికి హైదరాబాదు రాజ్యం తరఫున వేసిన ఆలోచనలలో ఆయనకు ప్రధాన పాత్ర ఉంది.

1949 డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు. పోచంపాడును ఆయన చూడలేదు. 1963 జూలై 26న ఇక్కడ శంకుస్థాపన చేసింది నాటి ప్రధాని నెహ్రూయే. కందకుర్తి వద్ద మంజీర గోదావరిలో కలుస్తుంది. నిజాంసాగర్ గేట్లు దాటిన వరద చివరకు మన పోచంపాడు జలాశయానికే చేరుతుంది.

పూడిక తెచ్చిన చేటు

కట్ట కట్టడంతో పని తీరిపోదని నిజాంసాగరే తెలియజేసింది. మంజీర తెచ్చిన మట్టి పేరుకొని, 1970లలో దాని సామర్థ్యం సుమారు 12 టీఎంసీలకు పడిపోయింది. గేట్ల ఎత్తు పెంచి 17.8 టీఎంసీలకు తేవలసి వచ్చింది. పోచంపాడు కూడా 112 టీఎంసీలతో మొదలై సుమారు 80 టీఎంసీలకు తగ్గింది. పూడిన మేరకు వరదను పట్టే జాగా తగ్గుతుంది, కరువుకు దాచే నీరూ తగ్గుతుంది. అంటే నష్టం రెండు వైపులా.

మరో ఉదాహరణ ఇటీవలిదే. అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజనీరుగా ఉండగా 1922లో పూర్తయిన పోచారం ప్రాజెక్టు, 70 వేల క్యూసెక్కుల వరదను తట్టుకొనేలా కట్టినది. 2025 ఆగస్టు చివరలో కామారెడ్డి, మెదక్ ప్రాంతాల్లో కురిసిన కుంభవృష్టికి దానిపై అంతకు రెట్టింపును మించిన వరద వచ్చిపడింది. పక్కన కోత పడింది గాని కట్ట తెగలేదు. నూరేళ్ల నాటి రాతి పని కింది ఊళ్లను కాపాడింది.

అన్ని చెరువు కట్టలకూ అంతటి బలం ఉండదు. వానలు పడకముందే కట్ట మీది తుమ్మలు, చెదపుట్టలు, ఎలుక బొరియలు చూసుకోవాలి. తూము తలుపు కదులుతున్నదో లేదో పరీక్షించాలి. మత్తడి దారిలో అడ్డం లేకుండా ఉంచాలి. శిఖం భూమిలో ఇండ్లు, పంటలు పెరిగితే వరద వెతుక్కొనే దారి ఊరి మధ్య నుంచే. మూసీ ఎగువన తెగిన 221 కట్టల్లో పెద్ద ప్రాజెక్టులు లేవు. అవన్నీ మన ఊరి చెరువుల వంటివే.