షూమన్ చెవిలో ఆగని స్వరం

పాశ్చాత్య సంగీతంలో పియానో కృతులకూ పాటలకూ పేరెన్నికగన్న రాబర్ట్ షూమన్ 1810 జూన్ 8న జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో, జ్వికావ్ అనే పట్టణంలో జన్మించారు. తండ్రి పుస్తక విక్రేత, ప్రచురణకర్త. ఇంటినిండా గ్రంథాలు ఉండడంతో సంగీతంతోపాటు సాహిత్యాభిరుచి కూడా చిన్ననాడే అలవడింది. 1825లో అక్క, మరుసటి ఏడు తండ్రి మరణించారు. తల్లి కోరికపై న్యాయశాస్త్రంలో చేరినా మనసు పియానోను విడువలేదు. లైప్‌జిగ్‌లో ఫ్రీడ్రిష్ వీక్ అనే గురువువద్ద శిష్యరికం చేశారు. ఇంతలో కుడిచేతి వేలు పట్టు తప్పింది. వాద్యకారుడు కావాలన్న ఆశ వదులుకొని స్వరరచనకు మళ్లారు.

1833లో ఒక అన్న, ఒక వదిన నెలల వ్యవధిలో గతించారు. అప్పటినుంచి ఎత్తయిన చోట నిలబడితే తన మనసు తన్నేమి చేయిస్తుందోనన్న భయం పట్టుకుంది. పై అంతస్తులోని గది విడిచి కిందికి మారారు. ఆ భయం జీవితాంతం వెంటాడింది.

గురువుగారి కుమార్తె క్లారా ఐరోపా అంతటా ఖ్యాతి పొందిన పియానో విద్వాంసురాలు. తండ్రి ససేమిరా అనగా, న్యాయస్థానం అనుమతితో 1840 సెప్టెంబరు 12న ఇద్దరూ వివాహమాడారు. ఆ ఒక్క సంవత్సరంలోనే షూమన్ వందకు పైగా పాటలు కట్టారు. సంతోషం ఆయనచేత అంతగా రాయించింది.

1844లో ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్నది. స్వరరచనకు కూర్చుంటే చాలు, వణుకు, నిద్రలేమి, చెవుల్లో హోరు. కొండలన్నా, ఎత్తయిన ఇళ్లన్నా, ఔషధాలన్నా భయమే. లోహపు వస్తువులన్నా భయమే, చివరకు తాళపుచెవిని చూసినా సరే! డ్రెస్డెన్‌లో చూసిన వైద్యుడు సంగీతానికి దూరంగా ఉండమన్నారు. కుండలు చేసేవాణ్ణి మట్టి ముట్టవద్దన్నట్లే ఆ సలహా. కొంత కోలుకొని 1850లో డ్యూసెల్డార్ఫ్ నగర సంగీత నిర్దేశకుడిగా వెళ్లారు.

1854 ఫిబ్రవరి 10 రాత్రి చెవిలో ఒకే స్వరం మోగసాగింది. తంబూరా శ్రుతిలా అది ఎంతకీ ఆగలేదు. తరువాతి దినాలలో ఆ ఒక్క స్వరం వాద్యబృందమై, సంపూర్ణమైన గానమై విస్తరించింది. 17వ తేదీ రాత్రి దేవతలు ఒక రాగం వినిపించారని లేచి రాసుకున్నారు. తెల్లవారేసరికి ఆ దేవతలే రాక్షసులయ్యారు. చిత్రమేమంటే, ఆ రాగం అంతకు కొద్దినెలల ముందు తానే వయొలిన్ కోసం రాసిన కృతిలోని రాగానికి దగ్గరగా ఉన్నది. తన సొత్తునే ఆయన గుర్తుపట్టలేకపోయారు.

నేటి మనోవైద్యులు ఇక్కడ ఒక భేదం చూపుతారు. వద్దన్నా మనసులో పదేపదే తిరిగే పాట తన తలలోదేనని తెలిసి కూడా దానిని ఆపలేక బాధపడితే, అది అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్‌లో ఒక రూపం కావచ్చు. దానికి మందులూ ఉన్నాయి, ప్రవర్తనా చికిత్సా ఉన్నది. అదే పాట బయటినుంచి నిజంగా వినిపిస్తే శ్రవణభ్రాంతి అంటారు. షూమన్‌ది ఈ రెండవదే. మూలవ్యాధి సిఫిలిస్ అని కొందరు, ఉన్మాదమూ విషాదమూ మారిమారి వచ్చే మనోవ్యాధి అని మరికొందరు అంటారు. ఏదైనా, పాట తలలోంచి పోవడం లేదని ఒక మనిషి చెప్పినప్పుడు నవ్వి ఊరుకోవడం తగదు.

షూమన్ మాత్రం తన స్థితిని ఎరిగినవారే. భార్యకు హాని చేస్తానేమోనని వెరచి, తనను చికిత్సాలయానికి పంపమని ఫిబ్రవరి 26న స్వయంగా అడిగారు. అప్పటికి వారికి ఆరుగురు బిడ్డలు. క్లారా మళ్లీ గర్భవతి. మరునాడు షూమన్ ఇల్లు విడిచి వెళ్లి రైన్ నదిలో దూకగా కాపాడి తెచ్చారు. మార్చి 4న బాన్ చెంత ఎండెనిక్ చికిత్సాలయంలో చేర్చారు.

అక్కడ రెండేళ్లకు పైగా గడిపారు. కడపటి నెలల్లో భూగోళ పటాల పుస్తకం ముందుంచుకొని ఊళ్ల పేర్లను అక్షరక్రమంలో రాస్తూ కూర్చునేవారు. యువ స్వరకర్త బ్రామ్స్ వంటి మిత్రులు వచ్చిపోయేవారు గాని, క్లారాకు వైద్యులు అనుమతి ఇవ్వలేదు. భర్తను ఆమె తిరిగి చూసినది 1856 జులై 27న. రెండు దినాలకే, ఆమె దగ్గర లేని సమయంలో, ఆయన కన్నుమూశారు. వయస్సు నలభై ఆరు.

క్లారా కచేరీలు చేస్తూ కుటుంబాన్ని పోషించి, 1896 వరకు జీవించారు. ఆ ఫిబ్రవరి రాత్రి రాగంపై షూమన్ కట్టిన చివరి పియానో కృతిని ఆమె అచ్చుకు ఇవ్వలేదు. అది పూర్తిగా వెలువడినది 1939లో.