విమానములు – పెట్టుబడి: శ్రీ జే. ఆర్. డి. టాటా

కమలాపురము వంటి మెట్టసీమ రైతునకు అప్పు చేసి బావి త్రవ్వించుట క్రొత్త కాదు. నీరు పడకమునుపే సొమ్ము వ్యయమగును. పంట చేతికి వచ్చినగాని ఋణము తీరదు. విమానములు కొనుటయు నిట్టి సాహసమే. దానికి మన దేశమున మార్గము చూపినవారు శ్రీ జే. ఆర్. డి. టాటా.

వారు 1904 జూలై 29వ తేదీన పారిస్ నగరమున జన్మించిరి. 1929లో విమానము నడుపుటకు మన దేశమున నొసగబడిన మొదటి అనుమతిపత్రమును పొందిరి. 1932లో నెవిల్ విన్సెంటు అను వైమానికునితో గూడి టపా విమానముల నారంభించిరి. టాటా సంస్థ పెట్టినది రమారమి 2 లక్షల రూపాయలు. కొన్నవి రెండు చిన్న పుస్‌మాత్ విమానములు. ప్రభుత్వము సహాయధనము నొసగలేదు. మోసిన టపాను బట్టియే ప్రతిఫలము. అక్టోబరు 15న శ్రీ టాటా కరాచీనుండి బొంబాయికి విమానమును స్వయముగ నడపిరి. అచ్చటినుండి విన్సెంటు దానిని నాటి దత్తమండలములలోని బళ్లారి మీదుగ చెన్నపట్టణము చేర్చెను. కమలాపురము స్టేషను గుండ రైలులో సాగు బొంబాయి–మద్రాసు టపాకు ఆకాశమున నొక తోడు దొరకెను.

వ్యాపారము పెరిగినకొలది స్వంతధనము చాలదు. 1946లో ఆ సంస్థ ఎయిర్ ఇండియా యను పేర వాటాదారుల కంపెనీ యయ్యెను. ఆ కాలముననే నిజాము ప్రభుత్వము టాటాలతో కలసి నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేటనుండి డకోటాలను నడపెను. 1948లో లండనుకు పోవ నాలుగు యంత్రముల కాన్‌స్టెలేషనులు కావలసివచ్చినపుడు, విదేశయానమునకై వేఱు సంస్థ యేర్పడెను. అందు ప్రభుత్వము నూటికి 49 వాటాలు గైకొనెను.

నేడు పద్ధతి మఱింత విస్తరించినది. విమానము అంగడిలో సిద్ధముగ నుండు సరుకు కాదు. ఏండ్ల ముందుగ బేరము కుదుర్చుకొని బయానా యీయవలెను. తయారగుచుండగా వాయిదాలు కట్టవలెను. మిక్కిలి భాగము అప్పగింతనాడు చెల్లింపవలెను. ఆ సొమ్మునకు విమానమునే తాకట్టుగొని బ్యాంకులు ఋణమిచ్చును. లేదా వేఱొక కంపెనీ కొని బాడుగ కిచ్చును. ధర డాలరులలో, మన టిక్కెట్ల రాబడి చాలవఱకు రూపాయలలో. రూపాయి విలువ తగ్గిన, ఖాళీ ఆసనములు పెరిగిన, కిస్తీ బరువెక్కును.

1953లో విమానసంస్థలు జాతీయము లయ్యెను. శ్రీ టాటాకు అది సమ్మతము కాకున్నను 1978 వఱకు ఎయిర్ ఇండియా అధ్యక్షత వహించి, 1960లో జెట్ విమానములను ప్రవేశపెట్టిరి. 1993లో జెనీవాలో దివంగతులైరి. 2022లో సంస్థ మరల టాటాల వశమయ్యెను. మరుసటి యేట 470 విమానములకు బేరము ప్రకటింపబడెను.

రెండింటితో మొదలైనది వందల కెక్కినందులకు సంతోషింపవలసినదే. కాని సంఖ్య గొప్పకాదు. ప్రతి ప్రయాణము తన కిస్తీని తాను సంపాదించుకొనుటయే గొప్ప. అప్పుతో బావి త్రవ్విన మన రైతున కీ మాట వేఱుగ జెప్ప నక్కఱలేదు.