తీర్పు కంటే రాజీ మిన్న అని నమ్మిన వి.వి.గిరి

విశ్వవిద్యాలయాల్లో మానవ వనరుల నిర్వహణ చదివే విద్యార్థికి నియామకాలు, శిక్షణ, పనితీరు మదింపు వంటి పాఠాలన్నీ దాదాపుగా విదేశీ పేర్లతోనే సాగిపోతాయి. పారిశ్రామిక సంబంధాల అధ్యాయానికి వచ్చేసరికి మాత్రం ఒక తెలుగువాడి పేరు ఎదురవుతుంది. పాఠ్యపుస్తకాల్లో గిరి విధానంగా నిలిచిపోయిన ఆ ఆలోచనను పరీక్ష కోసం నాలుగు వాక్యాల్లో బట్టీ పట్టడం కష్టమేమీ కాదు. దాని కోసం ఒక కేంద్ర మంత్రి పదవిని వదులుకున్నారన్న సంగతి మాత్రం ఆ నాలుగు వాక్యాల్లో చాలాసార్లు ఇమడదు. భారత నాలుగో రాష్ట్రపతిగా దేశమెరిగిన వరాహగిరి వెంకట గిరి జీవితంలో పెద్ద భాగం గడిచింది రాష్ట్రపతి భవన్‌లో కాదు, రైల్వే కార్మికుల మధ్య.

గిరి 1894 ఆగస్టు 10న అప్పటి మద్రాసు రాజధానిలోని బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది, కాంగ్రెస్‌వాది. కొడుకు కూడా నల్లకోటు వేసుకోవాలన్నది సహజమైన కోరిక. ఆ చదువు కోసమే గిరి 1913లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్ చేరారు. ఆ నగరంలో సరిగ్గా ఆ ఏడాదే యజమానులు సుమారు 20 వేల మంది కార్మికులను నెలల తరబడి పని నుంచి వెలివేశారు. యూనియన్‌తో సంబంధం లేదని సంతకం పెట్టినవాడికే పని అన్నది వారి షరతు. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కొన్నలీ నాయకత్వంలో సాగిన ఆ పోరాటం కార్మికుల ఓటమితోనే ముగిసినా, దాని ప్రభావం ఈ భారతీయ విద్యార్థిపై జీవితాంతం నిలిచింది. తరగతి గదిలో ఆయనకు ఆంగ్ల సాహిత్యం బోధించిన థామస్ మెక్‌డోనా 1916 ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్లో ఒకరు. మెక్‌డోనాను, కొన్నలీని బ్రిటిష్ ప్రభుత్వం కాల్చి చంపింది. ఐరిష్ ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో గిరిని దేశం విడిచి వెళ్లమని ఆదేశించింది. న్యాయశాస్త్రం చదవడానికి వెళ్లిన యువకుడు కార్మిక సమస్యను కూడా వెంటబెట్టుకుని 1916లో స్వదేశానికి తిరిగి వచ్చారు.

బరంపురంలో న్యాయవాద వృత్తి, స్వాతంత్ర్యోద్యమం, 1922లో జైలు. ఆ తరం నాయకుల జీవితాల్లో ఇవన్నీ పరిచితమైన మజిలీలే. గిరిని వారి నుంచి వేరు చేసింది బెంగాల్ నాగపూర్ రైల్వే. హౌరా నుంచి ఖరగ్‌పూర్ మీదుగా వాల్తేరు వరకు సాగే ఈ రైలు మార్గంలో, ముఖ్యంగా ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో, ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగు కార్మికులు పెద్ద సంఖ్యలో పనిచేసేవారు. నేటికీ ఆ పట్టణంలో తెలుగు వీధులు వినిపిస్తాయంటే అందుకు మూలం ఆ వలసే. 1920ల దశకంలో ఆ రైల్వే కార్మిక సంఘాన్ని నిర్మించడంలోనూ, దేశంలోని రైల్వే సంఘాలను కలిపిన అఖిల భారత రైల్వేమెన్ సమాఖ్యను నెలకొల్పడంలోనూ గిరి ముందున్నారు. ఆ దశకం చివర వర్క్‌షాపు ఉద్యోగుల తొలగింపునకు వ్యతిరేకంగా సాగిన సమ్మె ఆయనకు అసలైన పరీక్ష అయింది. అంతమందిని హింసకు తావివ్వకుండా నిలబెట్టడం, ఆకలితో ఉన్నవారికి ధైర్యం చెప్పడం, అదే సమయంలో కంపెనీ అధికారులతో మాటలు తెగిపోకుండా చూసుకోవడం ఏ విశ్వవిద్యాలయమూ నేర్పని విద్యలు. బలమైన సంఘం వెనుక ఉన్నప్పుడే యాజమాన్యం మాట వింటుందన్న గిరి నమ్మకం అక్కడ గట్టిపడింది.

1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు, 1931లో లండన్‌లో జరిగిన రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1937 ఎన్నికల్లో సాక్షాత్తూ మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టారు. సమ్మెలు నడిపినవాడు సమ్మెలను పరిష్కరించాల్సిన కుర్చీలో కూర్చోవడం అప్పట్లో కొత్త. 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలోనూ అదే బాధ్యత. స్వాతంత్ర్యానంతరం సిలోన్‌లో హైకమిషనర్‌గా పనిచేసి, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు.

ఆయన పేరు పాఠంగా మారింది ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఉత్పత్తి ఆగకూడదన్న కారణంతో బ్రిటిష్ ప్రభుత్వం కార్మిక వివాదాలను తప్పనిసరిగా తీర్పుకు పంపే అధికారాన్ని తన చేతిలోకి తీసుకుంది. యుద్ధం ముగిసినా ఆ అధికారం పోలేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోకి చేరింది. వివాదం రాగానే ప్రభుత్వం దాన్ని ట్రైబ్యునల్‌కు నివేదిస్తుంది. సమ్మెకు దారి మూసుకుపోతుంది. ఇరుపక్షాలూ న్యాయవాదులను పెట్టుకుని ఏళ్ల తరబడి తిరుగుతాయి. గెలిచినవాడికి గర్వం, ఓడినవాడికి కసి మిగులుతాయి. మర్నాడు మళ్లీ ఒకే కప్పు కింద కలిసి పనిచేయాల్సినవారు వీరే కదా అన్నది గిరి అభ్యంతరం. అంతకు మించిన ప్రమాదం మరొకటి ఆయనకు కనిపించింది. అన్నీ ప్రభుత్వమే తేల్చేటప్పుడు కార్మికుడికి సంఘంతో పనేముంది, యజమానికి సంఘాన్ని గుర్తించాల్సిన అవసరమేముంది?

అందుకే ముందుగా సమష్టి బేరసారాలు, కుదరకపోతే ఇరుపక్షాలూ ఇష్టపడి ఎంచుకున్న మధ్యవర్తి తీర్పు, ప్రభుత్వం వీలైనంత దూరంగా ఉండడం అన్న క్రమాన్ని ఆయన ప్రతిపాదించారు. 1952 అక్టోబరులో నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక సదస్సు ముందు ఈ వాదన ఉంచారు. ఏకాభిప్రాయం కుదరలేదు. యజమానుల సంగతి సరే, కార్మిక సంఘాల్లోనే పలువురు భయపడ్డారు. ఆ భయం అర్థరహితం కాదు. పరిశ్రమకు నాలుగు సంఘాలు, ఒక్కోదాని వెనుక ఒక్కో పార్టీ, నెల జీతం ఆగితే వారం నిలవలేని కుటుంబాలు ఉన్నప్పుడు బేరం సమానుల మధ్య ఎలా జరుగుతుంది? బలహీనుడికి ట్రైబ్యునలే దిక్కన్నది వారి మాట. బలహీనుడు ఎప్పటికీ బలహీనుడిగానే ఉండిపోవడానికి ఆ ట్రైబ్యునలే కారణమన్నది గిరి మాట. నేటి తరగతి గదుల్లోనూ ఈ చర్చ తెగలేదు.

విచిత్రమేమిటంటే ట్రైబ్యునళ్లను అంతగా వ్యతిరేకించిన మంత్రి చివరకు ఒక ట్రైబ్యునల్ నిర్ణయం కోసమే రాజీనామా చేశారు. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై శాస్త్రి ట్రైబ్యునల్ 1953లో తీర్పు ఇవ్వగా, దానిపై కార్మిక అప్పీలు ట్రైబ్యునల్ 1954లో నిర్ణయం వెలువరించింది. బ్యాంకులపై భారం ఎక్కువవుతుందన్న ఆలోచనతో కేంద్ర ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. గిరి అంగీకరించలేదు. 1954 ఆగస్టులో మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. పైకి కనిపించేంత వైరుధ్యం ఇందులో లేదు. సమ్మె హక్కును పక్కన పెట్టించి ఉద్యోగులను తీర్పు కోసం నిలబెట్టింది ప్రభుత్వమే. ఆ తీర్పు నచ్చలేదని దాన్ని దిద్దే అధికారం కూడా తనకే ఉందంటే ఉద్యోగికి మిగిలిన దారేది? రాజీనామా తర్వాత ప్రభుత్వం ఒక కమిషన్‌ను నియమించింది. దాని సిఫారసుల మేరకు, అప్పీలు ట్రైబ్యునల్ నిర్ణయాన్ని కొన్ని మార్పులతో అమలు చేస్తూ 1955లో పార్లమెంటు చట్టం చేసింది.

1957లో పార్వతీపురంలో ఓటమి ఎదురైంది. తర్వాత ఉత్తరప్రదేశ్ గవర్నర్ పదవి దక్కింది. గిరిలోని అధ్యాపకుడు బయటపడింది ఈ కాలంలోనే. 1957లో ఏర్పడిన భారత కార్మిక ఆర్థికశాస్త్ర సంఘానికి ఆయన వ్యవస్థాపక అధ్యక్షుడు. భారత పరిశ్రమల్లో కార్మిక సమస్యలపై ఆయన రాసిన బృహద్గ్రంథం తరతరాల విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది. 500 మంది లేదా అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో సంక్షేమాధికారి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నిర్దేశించడంతో ఆ కొలువులకు తగినవారిని తయారుచేసే కోర్సులకు దేశంలో గిరాకీ పెరిగింది. కార్మిక సంక్షేమంగా మొదలైన ఆ చదువు సిబ్బంది నిర్వహణగా, ఆపై మానవ వనరుల నిర్వహణగా పేర్లు మార్చుకుంది. పేరు మారిన ప్రతిసారీ కార్మిక సంఘం పాఠం కొంత చిక్కిపోయిందనే చెప్పాలి.

కేరళ, మైసూరు గవర్నర్‌గా, 1967 నుంచి ఉపరాష్ట్రపతిగా సేవలందించారు. 1969 మే నెలలో జాకిర్ హుస్సేన్ మరణంతో తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. 14 ప్రైవేటు బ్యాంకులను జాతీయం చేసిన జూలై 19 నాటి ఆర్డినెన్సుపై ఉన్నది గిరి సంతకమే. పదిహేనేళ్ల కిందట ఆ రంగపు ఉద్యోగుల కోసమే ఆయన పదవి వదులుకున్నారు. మర్నాడే రాజీనామా చేసి, స్వతంత్రుడిగా పోటీకి దిగి, మరో తెలుగు ప్రముఖుడు నీలం సంజీవరెడ్డిపై స్వల్ప ఆధిక్యంతో గెలిచారు.

ఆయన పదవీకాలం చివరి వేసవిలో, 1974 మే 8న, దేశవ్యాప్త రైల్వే సమ్మె మొదలైంది. దాన్ని నడిపిన జార్జి ఫెర్నాండెజ్ అప్పుడు అఖిల భారత రైల్వేమెన్ సమాఖ్య అధ్యక్షుడు. అర్ధ శతాబ్దం కిందట గిరి పునాది వేసిన సంస్థ అది. నాయకులు సమ్మెకు ముందే అరెస్టయ్యారు. వేలాది కార్మికులు జైళ్లకు వెళ్లారు, ఎందరో ఉద్యోగాలు కోల్పోయారు. మూడు వారాల్లో సమ్మె అణగిపోయింది. మంత్రిమండలి సలహాకు కట్టుబడిన రాష్ట్రపతి చేయగలిగింది స్వల్పమే కావచ్చు. అయినా ఖరగ్‌పూర్ వీధుల్లో మొదలైన జీవితానికి అంతకన్నా చేదు ఘట్టం మరొకటి ఉండదు.

1975లో భారతరత్న అందుకున్న గిరి 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. ఆయన రాష్ట్రపతిగా ఉన్న 1974లోనే ఏర్పడిన జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. కార్మిక శాఖ అధికారులకు, సంఘాల ప్రతినిధులకు, పరిశోధకులకు నోయిడాలోని ఆ సంస్థలో శిక్షణ లభిస్తోంది. యాజమాన్యంతో బేరమాడే సంఘాన్ని గుర్తించాలన్న ఆయన పట్టుదల 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో చోటు చేసుకుంది. సంఘాలు ఒకటికి మించి ఉన్నచోట 51 శాతం మంది కార్మికుల మద్దతున్న సంఘానికి ఆ హోదా దక్కుతుంది. వివాదాలు తేల్చే ట్రైబ్యునళ్లు కూడా అదే కోడ్‌లో కొనసాగుతున్నాయి.