రావొద్దన్న కేన్స్‌లోనే బెస్ట్ డైరెక్టర్.. పుస్తకాల పిచ్చోడు ట్రూఫో కథ ఇది!

ఫస్ట్ షో ఇంటర్వెల్ పడకముందే ఫోన్‌లో రేటింగ్ వచ్చేసే రోజులివి. క్రిటిక్ రాసిన నాలుగు ముక్కలకి నిర్మాత మండిపడటం, మళ్లీ ఆ మనిషిని ప్రెస్ షోకి పిలవకపోవడం మనకి కొత్తేం కాదు. ఫ్రాన్స్‌లో దాదాపు 70 ఏళ్ల కిందటే ఇది జరిగింది. 1958లో కేన్స్ ఫిల్మ్ ఫెస్టివల్ ఓ 26 ఏళ్ల కుర్ర క్రిటిక్‌కి ప్రెస్ పాస్ ఇవ్వలేదు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి అదే కేన్స్‌లో బెస్ట్ డైరెక్టర్ అవార్డు అందుకున్నాడు ఆ కుర్రాడు. పేరు ఫ్రాన్సువా ట్రూఫో.

సినిమా అంటే పడిచచ్చేవాళ్లలో చాలామందికి ఇక్కడిదాకా తెలిసిందే. అయితే అంత ఘాటుగా తిట్టడానికి అతన్ని ఎగదోసింది సినిమాల మీద ప్రేమ ఒక్కటే కాదు, పుస్తకాల మీద ప్రేమ కూడా.

చప్పుడు చేయకూడని ఇల్లు

1932 ఫిబ్రవరి 6న పారిస్‌లో పుట్టాడు. అప్పటికి తల్లి జానీన్‌కి పెళ్లి కాలేదు. మరుసటి ఏడాది ఆమెని పెళ్లాడిన రోలాండ్ ట్రూఫో పిల్లాడికి తన ఇంటిపేరు ఇచ్చాడు. కానీ ఆ ఇంట్లో చోటు మాత్రం వెంటనే దొరకలేదు. కొన్నాళ్లు దాది దగ్గర, తర్వాత అమ్మమ్మ దగ్గర పెరిగాడు. పుస్తకం రుచి చూపించింది ఆ అమ్మమ్మే. ఆమె పోయాకే తల్లి దగ్గరికి వచ్చాడు. ఆ ఇంట్లో ఓ రూల్ ఉండేది. తల్లికి చప్పుడు గిట్టదు. పిల్లాడు కుర్చీలో కదలకుండా కూర్చోవాలి. అలా కూర్చుని ఏం చేస్తాడు? చదువుకున్నాడు. బాల్జాక్ నవలలు అప్పుడే పట్టుకున్నాడు, చివరిదాకా వదల్లేదు.

ఇంకో దారి సినిమా హాలు. పారిస్ జర్మన్ల చేతిలో ఉన్న రోజులవి. స్కూలు ఎగ్గొట్టి, టికెట్ లేకుండా వెనక తలుపులోంచి దూరి సినిమాలు చూసేవాడు. ఓసారి స్కూలుకి ఎందుకు రాలేదని టీచర్ నిలదీస్తే, నాన్నని జర్మన్లు పట్టుకెళ్లారని చెప్పేశాడు. అబద్ధం గంటల్లోనే బయటపడింది. ఈ సంఘటనని తర్వాత సినిమాలో కాస్త మార్చి వాడుకున్నాడు. అందులో పిల్లాడు ఏకంగా అమ్మ చనిపోయిందని చెప్తాడు.

14 ఏళ్లకే చదువు ఆగిపోయింది. చిన్నాచితకా పనులు చేశాడు. 16 ఏళ్లకి సొంతంగా ఫిల్మ్ క్లబ్ పెట్టి అప్పులపాలయ్యాడు. తండ్రి విసిగిపోయి పోలీసులకి అప్పగించాడు. విల్‌జ్విఫ్‌లోని బాల నేరస్తుల కేంద్రానికి పంపించారు. జీవితం అక్కడే తలకిందులు కావాల్సింది. కానీ ఓ క్రిటిక్ వచ్చి బయటికి తీసుకెళ్లాడు.

దత్తు తీసుకున్నంత పని చేసిన బజాన్

ఆంద్రే బజాన్ అప్పటికే ఫ్రాన్స్‌లో పేరున్న సినిమా విమర్శకుడు. ఫిల్మ్ క్లబ్ గొడవల్లోనే ఈ కుర్రాడు పరిచయమయ్యాడు. పూచీ ఉండి విడిపించి, తన దగ్గరే పనిలో పెట్టుకున్నాడు. తర్వాత ట్రూఫో సైన్యంలో చేరడం, ఇండోచైనా యుద్ధానికి పంపిస్తారనగానే పారిపోవడం, మిలిటరీ జైల్లో పడటం.. మళ్లీ బజానే తిరిగి తిరిగి బయటికి రప్పించాడు. ఇంటికి తెచ్చి పెట్టుకుని అన్నం పెట్టాడు, చేతికి కలం ఇచ్చాడు.

ఆ కలం మామూలుగా లేదు. బజాన్ మిత్రులతో కలిసి 1951లో మొదలుపెట్టిన 'కయే ద్యు సినేమా' పత్రికలో 1954 జనవరిలో ట్రూఫో వ్యాసం ఒకటి వచ్చింది. అప్పట్లో ఫ్రెంచ్ సినిమాలో నాణ్యతకి మారుపేరుగా చెలామణి అవుతున్న పెద్దలందరినీ అందులో ఏకిపారేశాడు. ముఖ్యంగా జాన్ ఒరాంష్, పియెర్ బోస్ట్ అనే రచయితల జంటని. గొప్ప నవలలకి స్క్రీన్‌ప్లేలు రాయడంలో ఆ ఇద్దరిదీ పెద్ద చెయ్యి. నవలలో సినిమాకి లొంగని సీన్లు తీసేసి, వాటి బదులు తాము కల్పించిన సీన్లు పెట్టేవాళ్లు. ట్రూఫోకి మండింది అక్కడే. లొంగదని నిర్ణయించడానికి మీరెవరు అన్నది అతని వాదన. దీనికి బెర్నానోస్ నవల 'ఒక పల్లె పాస్టర్ డైరీ'ని ఉదాహరణ చూపించాడు. ఒరాంష్ దానికి రాసిన స్క్రిప్ట్‌లో నవల ఆత్మే పోయిందనీ, తర్వాత రాబర్ట్ బ్రెస్సాన్ అదే నవలని పుస్తకానికి కట్టుబడి తీసి చూపించాడనీ వాదించాడు.

అంటే కుర్చీలో కదలకుండా చదువుకున్న పిల్లాడే ఇక్కడ కోర్టులో వకీలులా నిలబడ్డాడు, పుస్తకాల తరఫున. ఇందులో అన్యాయం లేదని కాదు. కుర్రతనం పొగరుంది, మనుషుల్ని గాయపరిచే మాటలున్నాయి. కానీ సినిమాకి కర్త డైరెక్టరే అనే ఆలోచన అక్కడినుంచే ఊపందుకుంది. ఇవాళ మనం హీరోని పక్కనపెట్టి ఫలానా డైరెక్టర్ సినిమా అని చెప్పుకుంటున్నామంటే ఆ గొడవకీ అందులో వాటా ఉంది.

ఫుట్‌పాత్ బేరంలో దొరికిన సినిమా

1955లో పారిస్‌లో ఓ పుస్తకాల షాపు ముందు తక్కువ రేటుకి పెట్టిన పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఒకటి చేతికి తగిలింది. పేరు 'జూల్ ఎ జిమ్'. పేరులోని ఆ చప్పుడే నచ్చిందట. డెబ్బై దాటిన ముసలాయన ఆన్రీ పియెర్ రోషే రాసిన మొదటి నవల అది. ఎవరూ పట్టించుకోలేదు. ట్రూఫో పట్టించుకున్నాడు. మరుసటి ఏడాది ఏదో అమెరికన్ సినిమా రివ్యూ రాస్తూ మధ్యలో ఈ నవలని మెచ్చుకున్నాడు. అది చూసి రోషే థ్యాంక్స్ చెప్తూ ఉత్తరం రాశాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. సినిమా తీస్తానని మాటిచ్చాడు. హీరోయిన్‌గా అనుకున్న జాన్ మొరో ఫొటోలు చూసి పెద్దాయన ముచ్చటపడ్డాడు. కానీ 1959 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. 1962లో వచ్చిన ఆ సినిమాతో నవల పేరు ప్రపంచమంతా మోగింది. రోషే రాసిన రెండో నవలని కూడా ట్రూఫో 1971లో సినిమా తీశాడు.

మొదటి రోజు షూటింగ్.. అదే రాత్రి చావు

తిట్టినవాడు తీసి చూపించాలిగా! మామగారు ఇగ్నస్ మోర్గెన్‌స్టెర్న్ సినిమాల డిస్ట్రిబ్యూటర్. ఆయన సాయం అందింది. 1958 నవంబర్ 10న 'ది 400 బ్లోస్' షూటింగ్ మొదలైంది. ప్యాకప్ చెప్పగానే ట్రూఫో పరిగెత్తింది బజాన్ మంచం దగ్గరికి. లుకేమియాతో బాధపడుతున్న బజాన్ ఆ రాత్రే పోయాడు. వయసు 40. తన శిష్యుడి సినిమాలో ఒక్క ఫ్రేమూ చూడలేదు. సినిమా ఆయనకే అంకితమిచ్చారు.

కథ దాదాపు ట్రూఫో చిన్నతనమే. హీరో 14 ఏళ్ల జాన్ పియెర్ లియో. సినిమాలో కుర్రాడు బాల్జాక్ బొమ్మ ముందు కొవ్వొత్తి వెలిగిస్తే అది కాస్తా అంటుకుంటుంది. జనం మెచ్చారు, కేన్స్ నెత్తిన పెట్టుకుంది. ఇంట్లో మాత్రం చిచ్చు రేగింది. తమ ఇంటి సంగతి తెరకెక్కిందని తల్లిదండ్రులు నొచ్చుకున్నారు.

1966లో రే బ్రాడ్‌బరీ నవల 'ఫారెన్‌హీట్ 451' తీశాడు. పుస్తకం కనిపిస్తే తగలబెట్టే దేశం కథ. ట్రూఫో ఇంగ్లిష్‌లో తీసిన సినిమా ఇదొక్కటే. చదవడం నేరమైన చోట టైటిల్స్ మాత్రం ఎలా వేస్తారని వాటిని చదివి వినిపించారు. తెర మీద అక్షరం పడదు. మంటల్లో కాలే వాటిల్లో 'కయే' పత్రిక కాపీ కూడా కనిపిస్తుంది. సినిమాగా అంత గొప్పది కాదు, నటన బిగుసుకుపోయినట్టుంటుంది. అయినా పేజీలు ముడుచుకుపోతూ కాలే ఆ షాట్లు చూస్తే తీసినవాడికి ఎంత నొప్పో తెలుస్తుంది.

అదే ఏడాది ఇంకో పని పూర్తయింది. 1962లో హాలీవుడ్ వెళ్లి వారం పాటు హిచ్‌కాక్‌ని కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడు. ఒకరి భాష ఒకరికి సరిగా రాదు, మధ్యలో హెలెన్ స్కాట్ అనువాదం. హిచ్‌కాక్ అంటే భయపెట్టి డబ్బులు చేసుకునేవాడని చాలామంది విమర్శకులు తేలిగ్గా తీసేసే రోజులవి. ఆ మాటలన్నీ పుస్తకంగా వచ్చాక లెక్క మారింది. ఇప్పటికీ డైరెక్షన్ నేర్చుకునేవాళ్లు చేతిలో పట్టుకుతిరిగే పుస్తకం అది.

తర్వాతవన్నీ చకచకా జరిగిపోయాయి. 1973లో వచ్చిన 'డే ఫర్ నైట్'కి విదేశీ చిత్రం ఆస్కార్. అదే సినిమా మీద పాత మిత్రుడు గొదార్‌తో ఉత్తరాల్లో గొడవ, ఆ ఇద్దరూ మళ్లీ కలవలేదు. 1977లో స్పీల్‌బర్గ్ 'క్లోజ్ ఎన్‌కౌంటర్స్'లో శాస్త్రవేత్తగా నటన. 'ది లాస్ట్ మెట్రో'కి 10 సెజార్ అవార్డులు. ఒకప్పుడు తిట్టిపోసిన తరహా సినిమానే చివరికి తీశాడని ఎత్తిపొడిచినవాళ్లూ ఉన్నారు. పూర్తిగా తప్పనలేం.

కన్నతండ్రి ఎవరో కనుక్కోవడానికి 1968లో డిటెక్టివ్‌ని పెట్టాడు. బెల్ఫోర్ట్ ఊళ్లో ఓ దంతవైద్యుడని తేలింది. వెళ్లి పలకరించలేదు. బజాన్ రుణం మాత్రం మర్చిపోలేదు. జాన్ రెన్వార్ గురించి గురువు సగంలో వదిలేసిన పుస్తకాన్ని కూర్చి 1971లో అచ్చు వేయించాడు.

1983లో మెదడులో కణితి బయటపడింది. హిచ్‌కాక్ పుస్తకానికి కొత్త చాప్టర్ చేర్చిన చివరి ఎడిషన్ ఆ ఏడాదే వచ్చింది. 1984 అక్టోబర్ 21న 52 ఏళ్లకే కన్నుమూశాడు. మోమార్ట్ర్ శ్మశానంలో సమాధి చేశారు. చిన్నప్పుడు టికెట్ లేకుండా దూరిన వీధులు అక్కడికి నడిచి వెళ్లేంత దూరమే.