సౌష్ఠవ శాస్త్రవేత్త ఆచార్య సూరి భగవంతం

“ఈ లెక్కలు మాకెందుకు?” అని విద్యార్థులు తరచు అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు సమాధానం ఆచార్య సూరి భగవంతంగారి జీవితంలో లభిస్తుంది.

భగవంతంగారు 1909లో కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా వెళ్ళి సర్ సి.వి. రామన్‌గారి వద్ద పరిశోధకులుగా చేరారు. రామన్ ఫలితం వెలువడిన సంవత్సరమదే. అనంతరం 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అధ్యాపకులైనారు. టి. వేంకటరాయుడుగారితో కలసి, సమూహ సిద్ధాంతమనే గణితాన్ని భౌతిక సమస్యలకు అన్వయిస్తూ వారు రచించిన ఆంగ్ల గ్రంథం 1948లో వెలువడింది.

1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రాచార్యులై, 1952 నుండి 1957 వరకు ఉపాధ్యక్ష పదవిని అలంకరించారు. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఆరంభమైన ఆ విద్యాలయం 1948 తరువాత ఆంగ్లానికి మారుతున్న సంధికాలమది. 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం ఏర్పడువరకు మన కామారెడ్డి ప్రాంతపు కళాశాలలకు ఉస్మానియాయే మాతృసంస్థ. పిమ్మట భగవంతంగారు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులుగాను, 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగాను సేవలందించారు.

ఇంతటి పదవీభారంలోను వారు సౌష్ఠవ చింతనను విడువలేదు. స్ఫటికాన్ని త్రిప్పినా, అద్దంలో చూచినా మునుపటివలెనే కనబడితే దానికి సౌష్ఠవం ఉన్నదంటారు. ఆ రీతిగా స్ఫటికాలు 32 తరగతులు. అయస్కాంత పదార్థాలలో మరొక చిక్కున్నది: కాలం వెనుకకు నడిచినట్లు భావిస్తే పరమాణువుల అయస్కాంత దిశలు తలక్రిందులవుతాయి. దానిని కూడ లెక్కలో చేర్చితే తరగతులు 122 అవుతాయి. ఏ తరగతిలో ఏ ధర్మం సాధ్యమో, ఏది అసాధ్యమో నిర్ణయించుటకు భగవంతంగారు 1960 దశకంలో కృషి చేశారు. స్ఫటిక సౌష్ఠవంపై వారి గ్రంథం 1966లో వెలువడింది. వ్యాకరణం పద్యం వ్రాయదు; ఏ రూపం సాధువో చెప్పుతుంది. ఈ గణితమూ అట్టిదే.

వారు 1989లో పరమపదించారు. 2015లో జపాను శాస్త్రజ్ఞులు మాంగనీసు, తగరముల సమ్మేళనంలో ఒక వింత చూచారు. మొత్తంమీద దానికి అయస్కాంతత్వం దాదాపు శూన్యం. అయినను, అందులో ప్రవహించే విద్యుత్తు బలమైన అయస్కాంతంలో వలె ప్రక్కకు మరలింది. దీనికి మూలం ఎలక్ట్రాన్ తరంగాల జ్యామితిలో ఉన్నది. వంచినా, సాగదీసినా మారని లక్షణాలను చర్చించే టోపాలజీ అనే గణితం దానిని వివరిస్తుంది. అయితే ఇట్టి ప్రభావం ఏ పదార్థంలో సాధ్యమో ముందుగా తెలిపేది అయస్కాంత సౌష్ఠవమే. భగవంతంగారు ఈ సమ్మేళనపు వింతను చూడలేదు. కాని దానిని వెదకే త్రోవను చదును చేసినవారిలో వారొకరు.

తాడ్వాయి వంటి పల్లెలనుండి వచ్చే విద్యార్థులారా! మీ ఇంటిభాష ఉర్దూ కానీ, తెలుగు కానీ, లెక్కకు ఆ భేదం లేదు. నేడు నిష్ప్రయోజనమని తోచిన పాఠాన్ని విడువకండి. దాని ఫలం అర్ధశతాబ్దం తరువాత పండవచ్చు.