గెలుపు లేకపోయినా గుండెల్లో నిలిచిన కెప్టెన్ – కర్నల్ సి.కె. నాయుడు

మన పెన్షనర్లలో చాలామందికి క్రికెట్ అంటే ప్రాణమని వేరే చెప్పనవసరం లేదు. సంఘ కార్యాలయంలో కలిసినప్పుడు డి.ఎ. బకాయిల గురించి ఎంత మాట్లాడుకుంటామో, నిన్నటి మ్యాచ్ గురించీ అంతే మాట్లాడుకుంటాము. అయితే మనజట్టు ఓడిన మరునాడు ఆ మాటల్లో వినిపించే కోపం చూస్తే నాకు కర్నల్ సి.కె. నాయుడు గారు గుర్తుకు వస్తారు. వారి జీవితాన్ని ఈ ప్రత్యేక సంచికలో క్లుప్తంగా మనవి చేస్తాను.

కొఠారి కనకయ్య నాయుడు గారు 1895 అక్టోబరు 31న నాగపూరులో జన్మించారు. వీరి పూర్వీకులది మచిలీపట్నం. తాతగారు నాగపూరులో పేరు మోసిన వకీలు. తండ్రిగారు కేంబ్రిడ్జిలో చదువుకున్న న్యాయవాది. నాయుడు గారు మాత్రం బ్యాటునే నమ్ముకున్నారు. 1916లో బొంబాయి పోటీలలో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద తొలిసారి బరిలోకి దిగి, మొదటి మూడు బంతులు ఆపి, నాలుగవ బంతిని సిక్సర్ కొట్టారట. 1923లో ఇందూరు మహారాజా తుకోజీరావు హోల్కర్ వారిని పిలిపించి, తమ సైన్యంలో ఉద్యోగం ఇచ్చారు. కర్నల్ అన్న హోదా అక్కడ వచ్చినదే.

వారిని దేశమంతటికీ ఆరాధ్యునిగా చేసినది 1926 డిసెంబరు 1. ఆనాడు బొంబాయి జింఖానా మైదానంలో గిల్లిగన్ నాయకత్వాన వచ్చిన ఎం.సి.సి. జట్టుపై నాయుడు గారు 116 నిమిషాలలో 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు! కబురు తెలిసినకొద్దీ జనం మైదానానికి తరలివచ్చారు. చోటు దొరకనివారు చెట్లెక్కారు, మేడలెక్కారు. తెల్లవారు పాలించే కాలంలో, తెల్లవారి జింఖానాలోనే, ఒక నల్లవాడు వారి బంతులను గాలిలోకి లేపుతూంటే ఆ జనానికి కలిగిన ఆనందం ఎటువంటిదో వేరే చెప్పాలా? ఎం.సి.సి. వారే వారికి వెండి బ్యాటు బహూకరించారు.

1932 జూన్ 25న లార్డ్స్‌లో మనదేశం తన మొట్టమొదటి టెస్టు ఆడింది. ఆ రోజులలో కెప్టెన్ పదవి రాజావారిదే. పోరుబందరు మహారాజా ఆ మ్యాచ్‌కు స్వయంగా తప్పుకోవడంతో నాయుడు గారు నాయకులయ్యారు. చేతికి గాయమైనా మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశారు. మన వైపు అదే అత్యధికం. అయినా 158 పరుగుల తేడాతో ఓడిపోయాము.

1933 డిసెంబరులో మన గడ్డ మీద తొలి టెస్టు అదే బొంబాయి జింఖానాలో జరిగింది. లాలా అమర్‌నాథ్ 118 పరుగులతో మనవారిలో తొలి టెస్టు సెంచరీ చేశారు. మరో కొసన నిలబడి 186 పరుగుల భాగస్వామ్యం అందించినది నాయుడు గారే. జనం మైదానంలోకి పరుగెత్తి పూలదండలు వేశారు. ఆడవారు నగలు తీసి అమర్‌నాథ్‌కు ఇచ్చారట. ఇంతకూ ఆ మ్యాచ్‌లో మనము 9 వికెట్ల తేడాతో ఓడిపోయాము!

ఇక్కడే పాఠకులు ఒక్క క్షణం ఆగాలని నా కోరిక. నాయుడు గారు ఆడిన టెస్టులు మొత్తం 7. అయిదు ఓటమి, రెండు డ్రా. ఒక్కటైనా గెలవలేదు. 1936లో విజయనగరం మహారాజకుమార్ విజ్జీ కెప్టెన్ కాగా, తమ చివరి టెస్టులో, ఓవల్‌లో, దెబ్బ తగిలినా తగ్గక 81 పరుగులు చేశారు. మనదేశానికి తొలి టెస్టు విజయం 1952లో గాని దక్కలేదు. గెలుపు ఎరుగని నాయకుని మీద ఆ అభిమానం ఎందుకు? ఆయన భయపడలేదు గనుక, ఓడినా తల వంచలేదు గనుక అని నాకు తోస్తుంది. క్రమశిక్షణలో కఠినులు, తోటి ఆటగాళ్లలో గిట్టనివారూ ఉండేవారు. జనం అవేవీ పట్టించుకోలేదు.

మనలో ఎందరమో 58 ఏళ్లకే పదవీ విరమణ చేసి, సన్మాన శాలువాతో ఇంటికి వచ్చాము. నాయుడు గారు తమ 58వ ఏట, 1953-54లో, కొత్తగా రంజీ ట్రోఫీలో అడుగుపెట్టిన ఆంధ్ర జట్టుకు సారథ్యం వహించారు. అంతకు ముందు హోల్కర్ జట్టును నాలుగుసార్లు రంజీ విజేతగా నిలిపారు. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. అరవై దాటాక కూడా రంజీలో ఆడారు. 1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూశారు. 1996లో తపాలా శాఖ వారి బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.

అదే 1996లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంకతో ప్రపంచకప్ సెమీఫైనల్ ఓడిపోతున్నామని ప్రేక్షకులు సీసాలు విసిరి, మంటలు పెట్టారు. ఆట ఆపి శ్రీలంకకు విజయం ప్రకటించవలసి వచ్చింది. 2007లో మన జట్టు ప్రపంచకప్ తొలి దశలో ఓడితే రాంచీలో ధోనీ గారి ఇంటి మీదకు వెళ్లారు. దీనిని అభిమానం అనడానికి నాకు మనసొప్పదు. గెలిచినప్పుడే నెత్తిన పెట్టుకునేది బేరం అవుతుంది గాని భక్తి కాదు.

మన మనుమలకు స్కోర్లన్నీ నోటికి వచ్చు. వాటితోపాటు ఈ లెక్క కూడా చెప్పండి: ఏడు టెస్టులు, విజయాలు సున్న, అయినా దేశమంతా తలచుకునే పేరు ఒకటి.