మన్యం వీరుడు – ఒక పాత తుపాకీ

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమని కార్యదర్శిగారు అడగగానే నాకు అల్లూరి సీతారామరాజుగారు గుర్తుకు వచ్చారు. కారణం ఒక తుపాకీ.

1989 ఎన్నికల ముందు కొవ్వూరులో నేను ఆయుధ లైసెన్సుల సీటు చూస్తుండగా మెట్ట ప్రాంతపు పెద్దాయన ఒకరు రెన్యూవల్‌కు వచ్చారు. ఆ తుపాకీ రాజుగారు చింతపల్లి స్టేషనులో పట్టుకున్నదట. ఆయన ప్రాణం విడిచినది కూడా మన కొవ్వూరులోనేనట. ఆ సంగతి రిజిస్టరులో ఎక్కించమని పట్టుబట్టారు.

ఆ ఊరు కొవ్వూరు కాదు, మన్యంలోని కొయ్యూరు. ఒక్క అక్షరం తేడాకు ఎంతమంది పొరబడ్డారో!

రాజుగారు 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మనకు అవతలి ఒడ్డున రాజమండ్రిలోనూ, నరసాపురంలోనూ చదివారు. తరువాత సన్యాసిగా మన్యం చేరారు. అడవి చట్టాలతో పోడు పోయి, రోడ్డు పనుల్లో కూలి సరిగా అందక గిరిజనులు నలిగిపోతున్న కాలమది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లపై పడి 26 తుపాకులు పట్టుకున్నారు. తీసుకున్న సామానుకు స్టేషను పుస్తకంలో లెక్క వ్రాసి సంతకం చేశారని ప్రసిద్ధి. గుమాస్తాను కనుక నాకు ఈ సంగతే ఎక్కువ ఇష్టం. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు హతులయ్యారు. 1924 మే 7న కొయ్యూరులో రాజుగారిని చెట్టుకు కట్టి కాల్చారు. ఇరవై ఏడేళ్లు కూడా నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. 2022లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు.

ఇక తుపాకీ. మిలిటరీలో ఆయుధాల మరమ్మతు చేసి రిటైరైన మిత్రుణ్ణి పిలిచి చూపించాను. పిడి క్రింది మీట లాగితే గుండు పెట్టే చోటు తెరుచుకుంటుంది. అది మార్టినీ పద్ధతి. కుడి ప్రక్క కిరీటం, విక్టోరియా రాణి అక్షరాలు, ఎన్‌ఫీల్డ్ అన్న పేరు ఉన్నాయి. అంతవరకు పెద్దాయన ముఖం వెలిగిపోయింది. కాని గొట్టం మూతి చూస్తే, పాత లావు గొట్టం లోపల సన్నని గొట్టం దిగవేసి ఉంది. బోరు పాయింట్ ఇరవై రెండు. వెనుక గురి చూసుకొనడానికి చిన్న చిల్లున్న పలక. బోయర్ యుద్ధం తరువాత ఇంగ్లండులో గురి నేర్పే క్లబ్బుల కోసం పాత సైనిక తుపాకులను ఇట్లా మార్చేవారట. కాగితం మీది చుక్కను కొట్టే తుపాకీ అది. స్టేషను తూటా అందులో దూరదు.

పెద్దాయనకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. మిత్రుడే చెప్పాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు ఉన్నదున్నట్లే వ్రాయమన్నారు. మార్చిన మార్టినీ, టార్గెట్ రైఫిలు అని వ్రాసి సంతకానికి పెట్టాను. వెళ్తూ వెళ్తూ కొయ్యూరుకు ఏ బస్సెక్కాలో అడిగి, చీటీ మీద వ్రాయించుకున్నారు.